ఈ సిస్టమ్ మోయలేదు

సెటప్ బాబాయ్ మోకాళ్ళ మీద వంగి, తల బల్ల కిందకి దూర్చి, టార్చి నోట్లో పెట్టుకుని సీపీయూ వెనక అంటించిన చీటీ చదువుతున్నాడు. చీటీలో సగం అక్షరాలు దుమ్ములో కలిసిపోయాయి. మిగతా సగం బొటనవేలితో రుద్దితే తేలాయి. బల్లకు అవతల పళ్ళ డాక్టరు, తన దగ్గరికొచ్చే రోగులు ఎలా కూర్చుంటారో అలాగే, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

"ఏమంటారండీ? మోస్తుందా?"

బాబాయ్ టార్చి నోట్లోంచి తీసి చొక్కా అంచుకు తుడుచుకున్నాడు. సీపీయూకి చెవి ఆనించి లోపలి ఫ్యాను చప్పుడు విన్నాడు. ఆ తరవాత బల్ల అంచు పట్టుకుని, మోకాళ్ళు పటుక్కుమంటుండగా లేచి, మౌసు అందుకున్నాడు.

"ర్యామ్ సరిపోతుంది. డిస్కులోనే చోటు లేదు. పాటలు, వీడియోలు ఏమైనా ఉంటే తీసెయ్యాలి."

"ఆసుపత్రి కంప్యూటర్లో పాటలెందుకుంటాయండీ?"

"పాటల్లేవు. మీ పెళ్ళి వీడియో ఉంది. మూడు చోట్ల."

డాక్టరు తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఒకటి ఉంచి రెండు తీసెయ్యండి. మా ఆవిడ అడిగితే మాత్రం మూడూ ఉన్నాయనే చెప్పండి."

ఊళ్ళో దుకాణాలకీ ఆఫీసులకీ తిరిగి లెక్కల సాఫ్ట్‌వేర్ ఎక్కించడం బాబాయ్ పని, అందుకే సెటప్ బాబాయ్ అన్న పేరు. ఎక్కించేముందు ఆ కంప్యూటరు దాన్ని మోయగలదో లేదో చూడాలి. ఆపరేటింగ్ సిస్టమ్ ఏ కాలందో, మెమరీ ఎంతుందో, డిస్కులో ఎంత ఖాళీ ఉందో, ప్రింటరు పలుకుతుందో లేదో పరీక్షించి తీర్పు చెప్పాలి. కొత్తగా పనిలో చేరిన కుర్రకారు ఈ పరీక్షని ఇంగ్లీషులో ఏదో అంటారు. బాబాయ్‌కి మాత్రం రెండే మాటలు. మోస్తుంది. మోయలేదు. రెండో మాట చెప్పాల్సి వచ్చినప్పుడు గొంతు తగ్గించి, ఇంట్లో పెద్దవాళ్ళ ఆరోగ్యం సంగతి చెబుతున్నట్టు చెప్పేవాడు. "ఈ సిస్టమ్ మోయలేదండీ. దాని తప్పేం లేదు. వయసైపోయింది."

మనిషి సన్నగా పొడుగ్గా ఉంటాడు. ఏళ్ళ తరబడి సంచీ మోసీ మోసీ ఎడమ భుజం కాస్త కిందికి దిగిపోయింది. ప్యాంట్లన్నీ మోకాళ్ళ దగ్గర తెల్లబడతాయి, మిగతా గుడ్డంతా కొత్తగానే ఉన్నా. సంచీలో స్క్రూడ్రైవర్లు, దుమ్ము దులిపే మెత్తటి బ్రష్షు, చుట్టిన వైర్లు, పెన్ డ్రైవులు దాచుకునే సబ్బుపెట్టె ఉంటాయి. ఏ గదిలోకి వెళ్ళినా ముందు అక్కడున్న మనుషుల ముఖాలు చూసేవాడు, ఆ తరవాతే తెర. కొత్త సాఫ్ట్‌వేర్ వస్తే ఎవరికి పని తగ్గుతుంది, ఎవరికి భయం పట్టుకుంటుంది, ఎవరు పైకి నవ్వుతూ లోపల కుమిలిపోతున్నారు, ఇవన్నీ అడక్కుండానే తనకు తెలిసిపోతాయని అతని నమ్మకం.

ఈ నమ్మకం గురించి అతని భార్యకు వేరే అభిప్రాయం ఉంది. ఆమె ఒక లాండ్రీ దుకాణంలో కౌంటరు దగ్గర కూర్చుంటుంది. "మనుషుల్ని కూడా కంప్యూటర్లలాగే చెవి ఆనించి వింటారు మీరు. నోరు తెరిచి అడగరు," అంటుంది. వాళ్ళకు పిల్లల్లేరు. ఆ సంగతి మాట్లాడితే ఆమె నొచ్చుకుంటుందని అతను మాట్లాడలేదు. అతను మాట్లాడటం లేదు కాబట్టి ఆమె కూడా ఎత్తలేదు. అలా ఆ మాట ఇద్దరి మధ్యా ముసుగు తన్ని పడుకుంది. ఇద్దరూ దాన్ని లేపకుండా పక్కగా నడవడం అలవాటు చేసుకున్నారు. కాపురం సజావుగానే సాగింది. ఒకరిమీద ఒకరు గొంతు పెంచింది లేదు.

డాక్టరు దగ్గర పని ముగించుకుని బాబాయ్ ఆఫీసుకి వచ్చేసరికి టీమ్ లీడరు అతని కోసమే చూస్తోంది. అతని కూతురి వయసుండే అమ్మాయి. కూతురుంటే.

"బాబాయ్, ఈ నెలాఖరు నుంచి బయటి విజిట్లు ఉండవు. ఇకమీదట అంతా నెట్లోంచే ఎక్కుతుంది. మీకు ఆ కిటికీ పక్క కుర్చీ ఇప్పించాను. ఫోన్లో కస్టమర్లతో మాట్లాడొచ్చు."

"ఫోన్లో ఫ్యాను చప్పుడు ఎలా వినపడుతుందమ్మా?"

"అందుకే హెడ్‌ఫోన్లు ఇస్తున్నాం కదా," అని నవ్వింది ఆ అమ్మాయి. వెంటనే నవ్వు ఆపేసి, తెర మీద ఏదో చూసింది. "ఒక్కటి మాత్రం మిగిలింది. అద్దాల డిపో. ప్రతి ఏడాదీ వెళ్తారు, మోయలేదని తిరిగొస్తారు. ఈసారి అలా కుదరదు బాబాయ్. పాత వెర్షన్‌ని కంపెనీ వదిలేసింది. అది ఆగిపోతే మనం కూడా ఏం చెయ్యలేం. ఎక్కిస్తే ఎక్కించండి, లేకపోతే కొత్త మెషీను కొనాల్సిందేనని ఓనరుకి చెప్పి రండి."

బాబాయ్ తలూపాడు. సంచీలో ఉన్నవన్నీ ఒకసారి బయటికి తీసి, మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. అవసరం లేకపోయినా.

డిపోకి బస్సులో వెళ్ళొచ్చు. అతను నడిచి వెళ్ళాడు, అదీ నెమ్మదిగా.

అద్దాల డిపో అంటే పొడుగాటి రేకుల షెడ్డు. గోడల వెంబడి చెక్క చట్రాల్లో అద్దపు పలకలు నిలబెట్టి ఉంటాయి. కిటికీలకు వేసేవి, తలుపులకు వేసేవి, అలమారాలకు వేసేవి, చివర ముఖం చూసుకునే అద్దాలు. ఎడంవైపు నడిస్తే మనిషి తనను తాను పదిచోట్ల ముక్కలుముక్కలుగా చూసుకుంటాడు. మధ్యలో దుప్పటి పరిచిన పెద్ద బల్ల. దాని దగ్గర కటింగ్ మేస్త్రి తోలు తొడుగులు వేసుకుని, పలక మీద స్కేలు పెట్టి కత్తి లాగుతాడు. సన్నగా, పంటికింద రాయి పడ్డట్టు చప్పుడవుతుంది. తరవాత రెండు చేతులతో చిన్న తోపు తోస్తాడు. పలక పట్టుమని గీత వెంబడే విడిపోతుంది. గీత పడే దాకానే భయం, విరగడానికి భయం లేదు అంటాడు ఎప్పుడూ.

షెడ్డు చివర అద్దాల గది. అందులో అకౌంటెంటు.

బాబాయ్ ఆవిణ్ణి మొదటిసారి చూసినప్పుడు అతనికి మీసాలు సరిగా రాలేదు. ఫ్లాపీల డబ్బా చంకలో పెట్టుకుని వచ్చాడు. అప్పుడు డిపో నడిపేది ఇప్పటి ఓనరుకి తండ్రి. అందరూ పెద్దాయన అనేవారు. చేత్తో లెక్కలు రాసుకునే ఆవిడ ముందు ఈ యంత్రాన్ని పెట్టి, "ఈ పిల్లాడు నేర్పుతాడమ్మా," అని పెద్దాయన వెళ్ళిపోయాడు. మౌసుని ముట్టుకోవడానికి ఆవిడ భయపడింది. వేలితో ఒకసారి పొడిచి చూసింది, కరుస్తుందేమో అన్నట్టు. సాయంత్రానికి దాన్ని పట్టుకోవడం వచ్చింది. వారం తిరిగేసరికి బాబాయ్‌కి తెలియని దారులు కూడా కనిపెట్టి అతనికే చూపించింది. అప్పట్నుంచీ ఆమెకు అతను తమ్ముడు, అతనికి ఆమె అక్క. పెళ్ళి చేసుకోలేదు. ఊళ్ళో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేది. ఆ గదీ ఈ గదీ తప్ప ఆమెకు ఇంకేం లేవని బాబాయ్ అనుకున్నాడు. అలా అని ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

మూడేళ్ళ కిందట కొత్త వెర్షన్ వచ్చింది. చూడటానికి వెళితే ఇప్పటి ఓనరు అతన్ని పక్కకు పిలిచి మాట్లాడాడు. "కొత్తది పెట్టించేద్దామండీ. మా ఆవిడ చూసుకుంటానంటోంది. ఆంటీని ఇంకా ఎన్నాళ్ళు ఇబ్బంది పెడతాం?"

ఇబ్బంది పెట్టడం అనే మాట బాబాయ్ చెవిలో ఇరుక్కుపోయింది. అంటే పంపించేస్తారన్నమాట. అతను అద్దాల గదిలోకి వెళ్ళి, చీటీ చూసి, ఫ్యాను విని, మెమరీ లెక్క చూశాడు. కొంచెం తక్కువైంది. ఒక్క ర్యామ్ ముక్క గుచ్చితే చాలు, హాయిగా మోస్తుంది. బయటికొచ్చి ఓనరుతో, "ఈ సిస్టమ్ మోయలేదండీ," అన్నాడు. ముక్క సంగతి చెప్పలేదు. అబద్ధం ఆడలేదని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. తరవాతి ఏడాదీ అదే మాట. నిరుడూ అదే మాట. కొత్త మెషీను ఖరీదు వినగానే ఓనరు ప్రతిసారీ వాయిదా వేశాడు. ప్రతిసారీ బాబాయ్ పాత ప్రోగ్రాముకి అతుకులు వేసి, దుమ్ము దులిపి, ఇంకో ఏడాది నడిచేలా చేసి వచ్చాడు. ఆ రోజుల్లో ఇంటికి వెళ్ళేటప్పుడు అతని నడకలో కాస్త ఊపుండేది. ఒక మనిషి కుర్చీని నిలబెట్టి వస్తున్నాను అనుకునేవాడు.

ఈ రోజు అద్దాల గది తలుపు తోసేసరికి ఆవిడ తలెత్తి చూసింది. పొట్టిగా కత్తిరించిన తెల్లటి జుట్టు, లోపలివైపుకి తిప్పి కట్టుకున్న వాచీ, ముక్కు చివరకి జారిన కళ్ళజోడు.

"రా తమ్ముడూ. నీ కోసమే తుడిచి పెట్టాను."

నిజంగానే సీపీయూ మీద దుమ్ము లేదు. బాబాయ్‌కి వంగాల్సిన పని కూడా లేకపోయింది. దాన్ని బల్ల కిందనుంచి తీసి పక్కన స్టూలు మీద పెట్టించింది. అతను కూర్చుని, పెన్ డ్రైవు గుచ్చి, పరీక్ష చేసే ప్రోగ్రాము నడిపాడు. ఈసారి ఓనరుకి ఏం చెప్పాలా అని నడిచొచ్చినంతసేపూ కట్టుకున్న మాటల్ని లోపల సర్దుకుంటూ తెర వైపు చూశాడు.

చూసి ఆగిపోయాడు. ఇంకోసారి నడిపాడు.

"ర్యామ్ పెరిగిందేమిటక్కా?"

"వయసొచ్చింది కదా. బుద్ధి పెరిగింది దానికి."

"ఎవరు వేశారు?"

"నేనే వేయించాను. వీధి చివర రిపేరు షాపతన్ని పిలిచి ఒక ముక్క గుచ్చమన్నాను. డిస్కులో పనికిరానివన్నీ నేనే తీసేశాను. ఇప్పుడు చెప్పు, మోస్తుందా, మోయలేదా?"

తెర మీద ఒక్కో వరసకీ పచ్చటి టిక్కు పడుతూ వస్తోంది. ఆఖరి వరసకి కూడా పడింది. ఏళ్ళ తరబడి అతను ఎందరికో చెప్పిన మాటే అది. ఇప్పుడు మాత్రం టిక్కులన్నీ వేలితో పైనుంచి కిందికి ఇంకోసారి లెక్కపెట్టుకుని అన్నాడు.

"మోస్తుంది."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, రెండు చేతులతో ముఖం తుడుచుకుంది. "అమ్మయ్య. అయితే ఎక్కించు. ఈ సాయంత్రమే నేను వెళ్ళిపోతున్నాను."

"ఎక్కడికి?"

"మా చెల్లెలి ఊరికి. ఊరి చివర దానికి కాస్త స్థలం ఉంది. మొక్కలు పెంచి అమ్మే తోట. పూలవీ, కూరగాయల నారూ. రెండేళ్ళ నుంచి వెళ్ళాలనుకుంటున్నాను. పాత ప్రోగ్రాము నాకు తప్ప ఎవరికీ రాదు. కొత్తది పెట్టి, ఈ ఇంటి కోడలికి అప్పగించేదాకా ఉంటానని పెద్దాయనకు మాటిచ్చాను, ఆయన మంచంలో ఉన్నప్పుడు. నువ్వేమో ప్రతి ఏడాదీ వచ్చి మోయలేదంటావు."

మేస్త్రి కత్తి లాగుతున్న చప్పుడు గాజుగోడ అవతలనుంచి సన్నగా వినిపిస్తోంది. బాబాయ్ మౌసు మీంచి చెయ్యి తియ్యలేదు, కదపనూ లేదు.

"ఒక ముక్క గుచ్చితే సరిపోతుందని నాకు నిరుడే తెలుసు," అంది ఆవిడ. "ఆ రిపేరు షాపతనే మాటల్లో అన్నాడు. తమ్ముడు ఎందుకు చెప్పలేదా అని ఆలోచించాను. ఊళ్ళో అందరూ కొత్తవి పెట్టేసుకున్నారు. పాతది ఉన్న చోటు ఇదొక్కటే. ఇది కూడా మారిపోతే నిన్నిక పిలిచేదెవరు? నీ పొట్ట మీద నేనెందుకు కొట్టాలి, ఇంకో ఏడాది ఆగుదాం అనుకున్నాను."

"నాది నెల జీతం అక్కా. ఇక్కడికి వచ్చినా రాకపోయినా ఒకటే."

"మరి ఎందుకు చెప్పలేదు?"

అతను చేతులవైపు చూసుకున్నాడు. "కొత్తది వస్తే మిమ్మల్ని పంపించేస్తారని."

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. నేనే అనుకున్నాను."

ఆవిడ భుజాలు కదలడం మొదలుపెట్టాయి. చప్పుడు లేని నవ్వు. నవ్వి నవ్వి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. అవతల మేస్త్రి కత్తి ఆపి, మెడ చాచి గదిలోకి చూశాడు.

"నన్ను ఒక్క మాట అడగొచ్చు కదయ్యా."

"మీరూ నన్నడగొచ్చు కదక్కా."

"అవును," అంది ఆవిడ. నవ్వు మెల్లగా ముఖంలోంచి దిగిపోయింది. "నేనూ అడగలేదు."

అతను పని మొదలుపెట్టాడు. తెర మీద గీత ఒకటి ఎడమనుంచి కుడికి నింపాదిగా పాకుతోంది. మధ్యాహ్నం ఓనరు భార్య వచ్చింది. ఇంట్లో పని తెముల్చుకుని పరుగున వచ్చినట్టుంది, చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి. కొత్త సాఫ్ట్‌వేర్ తన ఫోన్లో వీడియోలు చూసి రెండుసార్లు నేర్చుకుని, వాడకం లేక రెండుసార్లు మర్చిపోయిందట. "ఈసారైనా ఎక్కుతోందా అండీ?" అని అడిగింది. బాబాయ్‌కి ఆమె ముఖంలోకి చూడాలంటే మొహమాటమేసింది. ఆమె కూడా తన వల్లే ఇన్నాళ్ళూ ఆగిందన్న సంగతి అతనికి ఇప్పుడే తట్టింది. ఓనరు ఆ రోజు పక్కకు పిలిచి చెప్పిందీ ఇదే కదా. ఆంటీని ఇబ్బంది పెట్టొద్దనే కదా.

పాత ప్రోగ్రాములో ఉన్న ఖాతాదారుల పేర్లన్నీ కొత్తదాంట్లోకి మారాలి. అక్కడ కాస్త తిరకాసు వచ్చింది. పాత ప్రోగ్రాము ఏం రాసినా ఒప్పుకునేది. ఆవిడ అందులో మనుషుల్ని తనకు గుర్తున్నట్టు రాసుకుంది.

"ఎప్పుడూ తొందరాయన," అని చదివింది ఓనరు భార్య. "ఇదెవరు ఆంటీ?"

"మెట్ల పక్క ఫ్రేముల షాపు. పలక కోస్తుండగానే బండి ఎక్కించమంటాడు. అతన్ని ఇవాళ రమ్మంటే నిన్నే వచ్చేస్తాడు."

"కోపం లేనావిడ?"

"అక్వేరియంలు చేస్తుంది. ఆవిడకి మాత్రం తప్పు కొలత పంపకు. కోప్పడదు, మనకే సిగ్గేస్తుంది."

"తొందరాయన మళ్ళీ ఇంకొకటి ఉంది."

"అది వాళ్ళబ్బాయి. తండ్రిలాంటివాడే."

ఒకే పేరుతో రెండు ఖాతాలుంటే కొత్త సాఫ్ట్‌వేర్ ఒప్పుకోవడం లేదు. బాబాయ్ ఒక్కొక్కటే ఆపి అడుగుతుంటే ఆవిడ చెబుతోంది, ఓనరు భార్య అసలు పేర్లు రాసుకుంటోంది. కొన్ని చోట్ల ఆవిడ, "తీసెయ్యి, ఆయన లేరు," అంది. ఆ మాట అన్నప్పుడల్లా కాస్త ఆగి, ఆ మనిషి ఎలాంటి అద్దం కొనేవాడో చెప్పింది. ఒకాయన ప్రతి ఏడాదీ ఒకే కొలత పలక తీసుకెళ్ళేవాడట. ఎదురింటి పిల్లలు బంతాట ఆడేవాళ్ళు. వాళ్ళు పెద్దయి ఆట మానేశాక కూడా ఒకసారి వచ్చి, ఊరికే కూర్చుని, టీ తాగి వెళ్ళాడట.

అన్నీ సరిపోయాయి. అటు లెక్కా ఇటు లెక్కా ఒకటే అని తెర చెప్పింది. ప్రింటరు ఒక కాగితం కక్కింది. ఆవిడ కుర్చీలోంచి లేచి, కుర్చీని వెనక్కి లాగి, "కూర్చో," అంది. ఓనరు భార్య అంచు మీద కూర్చుంది. ఆవిడ వెనక నిలబడి మొదటి బిల్లు చేయించింది. రెండోదానికి ఏమీ చెప్పలేదు. మూడోది అవుతుండగా సంచీ సర్దుకోవడం మొదలుపెట్టింది. సర్దడానికి ఎక్కువేం లేవు. దువ్వెన, కళ్ళజోడు పెట్టె, మాత్రల సీసా, చలికి కప్పుకునే శాలువా.

ఓనరు పొద్దున్నే వచ్చి వీడ్కోలు చెప్పి, కొలతల కోసం ఏదో భవనం దగ్గరికి వెళ్ళిపోయాడట. "సాయంత్రం ఎదురుగా ఉంటే ఏడుస్తానని భయం వాడికి," అంది ఆవిడ. "చిన్నప్పుడు కూడా అంతే. పలక పగలగొట్టి నా కుర్చీ వెనక దాక్కునేవాడు."

మేస్త్రి తొడుగులు తీసేసి నిలబడ్డాడు. ఆవిడ అతని రెండు చేతులూ పట్టుకుని, తిప్పి, అరచేతుల్లో పాత గాట్లు చూసింది. "జాగ్రత్త," అని వదిలేసింది. ఓనరు భార్య లేవబోతే భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టింది.

బాబాయ్ ఆమె సంచీ అందుకుని వీధి దాకా వెంట నడిచాడు. ఎండ తగ్గి, ఎదురుగా భవనాల కిటికీలు ఎర్రగా మెరుస్తున్నాయి. వాటిలో ఎన్ని పలకలు ఇక్కడినుంచి వెళ్ళాయో. బస్సు స్టాపు దగ్గర ఆగారు.

"మీ చెల్లెలు గారు సంతోషిస్తారు," అన్నాడు బాబాయ్. ఏదో ఒకటి అనాలని.

ఆవిడ బస్సు వచ్చే వైపే చూస్తోంది.

"అది లేదు తమ్ముడూ. మొన్న చలికాలంలో పోయింది. ఫోన్లో దగ్గు వినపడేది. డాక్టరుకి చూపించుకోమంటే, నువ్వొస్తావుగా, వచ్చాక ఇద్దరం వెళ్దాం అనేది."

బాబాయ్ చేతిలో సంచీ ఉంది. దాన్ని కింద పెట్టాలో పట్టుకోవాలో అతనికి తెలియలేదు.

"నిన్ను అనడం లేదు," అంది ఆవిడ అతని వైపు తిరిగి. "నీకెలా తెలుస్తుంది? నువ్వు మంచే అనుకున్నావు. నేనూ నీకు మంచే అనుకున్నాను. చెల్లెలూ అంతే, నన్ను కంగారు పెట్టకూడదనుకుంది."

"ఇప్పుడు అక్కడికి వెళ్ళి..."

"మొక్కలున్నాయి కదా. పక్కింటివాళ్ళు నీళ్ళు పోస్తున్నారు. ఎన్నాళ్ళని పోస్తారు?"

బస్సు వచ్చింది. ఆవిడ సంచీ తీసుకుని ఎక్కింది. కిటికీ పక్కన సీటు దొరికింది. చెయ్యి ఊపలేదు. కిటికీ అద్దం జామైతే రెండు చేతులతో తోసి, తెరుచుకున్నాక అంచుని వేలితో తడిమి చూసింది, ఏ రకమో తెలుసుకోవడానికన్నట్టు. బస్సు మలుపు తిరిగింది.

బాబాయ్ అక్కడే నిలబడి ఫోను తీశాడు. భార్య ఎత్తింది. వెనకనుంచి ఇస్త్రీ పెట్టె బుస్సుమంటోంది.

"వేళ కాని వేళ ఫోనేమిటి? ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. నీకేమైనా కావాలా అని."

"స్టవ్ లైటరు తెండి. పాతది పనిచెయ్యడం లేదు."

"అది కాదు."

"మరేమిటి?"

వీధిలో జనం అతన్ని తప్పుకుని పోతున్నారు. అతను గోడ వైపు తిరిగాడు. "అప్పట్లో, ఎవరినైనా పిల్లనో పిల్లాడినో తెచ్చి పెంచుకుందామని నీకు ఎప్పుడైనా అనిపించిందా?"

అవతల ఇస్త్రీ పెట్టె చప్పుడు ఆగిపోయింది. ఆమె ఫోను పట్టుకుని దుకాణం బయటికి వచ్చినట్టుంది. "ఇంటికి రండి," అంది. గొంతు మామూలుగా లేదు. కోపమూ కాదు. "లైటరు మర్చిపోకండి. అన్నం తిన్నాక మాట్లాడుకుందాం."

అతను ఫోను జేబులో పెట్టుకుని షెడ్డులోకి తిరిగొచ్చాడు. పాత డేటా ఒక పెన్ డ్రైవులోకి తీసి ఓనరు భార్యకు ఇవ్వాలి, సీపీయూ మళ్ళీ బల్ల కింద పెట్టాలి. మేస్త్రి పలకలకు గోనెలు కప్పుతున్నాడు. అద్దాల గదిలో ఓనరు భార్య కుర్చీ వెనక్కి జరుపుకుని, వంగి బల్ల కిందకి చూస్తోంది.

"ఇక్కడేదో ఉందండీ. కాలికి తగులుతోంది."

బాబాయ్ మోకాళ్ళ మీద వంగి టార్చి వేశాడు. గోడ వైపు, వైర్ల మధ్య, పలకలొచ్చే పెట్టెల్లోంచి తీసినట్టుంది, మందపాటి చెక్క ఒకటి ఉంది. కూర్చుంటే అక్క కాళ్ళు నేలకి అందేవి కావని అతనికి ఇన్నేళ్ళలో ఎప్పుడూ తోచలేదు. చెక్కని వెలుగులోకి లాగాడు.

"తీసెయ్యమంటారా?"

ఓనరు భార్య తల అడ్డంగా ఊపింది. "వద్దండీ. అక్కడే ఉంచండి."

అతను దాన్ని ఉన్నచోటికే జరిపాడు. చెక్క అంచులు ఇంకా గరుగ్గానే ఉన్నాయి. మధ్యలో మాత్రం మడమలు ఆనిన చోట రెండు గుంటలు పడ్డాయి, పక్కపక్కనే, కుడివైపుది కాస్త లోతుగా, అద్దమంత నున్నగా.